వీపు వెనకాల బకిల్

సెమీఫైనల్ గెలిచిన పిట్ట ఇంకా చెమట తుడుచుకోలేదు, డాక్టరమ్మ వచ్చి కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది. పోయిన వారం వాళ్ళిద్దరినీ అక్కడే వదిలాం. ఆవిడ వైద్యం చేసే డాక్టరమ్మ కాదు. చక్రాల కుర్చీలో బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళలో ఎవరిది ఏ వర్గమో తేల్చే మనిషి. "రేపు ఫైనల్లో నిన్ను దగ్గర్నించి చూడాలమ్మా. నీ మీద ఫిర్యాదు వచ్చింది" అంది. ఏమని వచ్చిందో కూడా దాచలేదు. ఇంట్లో మంచం మీంచి దొర్లిపోతున్న పాపని పిట్ట కుర్చీలోంచి పక్కకి వంగి అందుకుందట. ఎడం చెయ్యి చక్రం మీద లేదట. రెండు చేతులూ పాప మీదే ఉన్నాయట. నడుము స్వాధీనంలో లేని మనిషికి అది చేతకాదట.

జరిగింది నిజమే. పాప అక్క కూతురు. ఆ పూట గదిలో ఉన్న పెద్దవాళ్ళు పిట్ట, అక్క, బావ. పాపకి ఇంకా మాటలు రావు.

తెల్లారేసరికి పిట్ట కళ్ళ కింద నల్లగా దిగింది. వాళ్ళకి ఇచ్చింది ఆటల హాలు వెనక సామాన్ల గది. తలుపు వెడల్పుగా ఉంటుందని కుర్చీవాళ్ళందరినీ ఇలాంటి గదుల్లోనే పెట్టారు. ఓ మూల చుట్టేసిన చాపలు, ఇంకో మూల విరిగిన వాలీబాల్ స్తంభం, మధ్యలో మడతమంచాలు. నేలకి పూసిన పాలిష్ వాసన ముక్కులోంచి పోవడం లేదు. పిట్ట కుర్చీని గోడవారకి జరుపుకుని, వీపు గోడకి ఆనించి కూర్చుంది. అలా కూర్చోవడం ఆమెకి అలవాటు లేదు. వెనకాల ఎవరో ఒకరు ఉంటేనే ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉండేది.

ఈ ఆటలో కుర్చీవాళ్ళవి రెండు వర్గాలు. కాళ్ళతోబాటు నడుము కూడా మాట వినని వాళ్ళు మొదటి వర్గం. కాళ్ళు మాత్రమే పోయి, నడుము నిలిచేవాళ్ళు రెండో వర్గం. గిడ్డంగిలో పత్తిబేళ్ళు జారి మీద పడ్డప్పుడు పిట్ట నడుమూ కాళ్ళూ ఒక్కసారే పోయాయి. పదేళ్ళుగా మొదటి వర్గంలోనే ఆడుతోంది. ఇవాళ గెలిస్తే దేశం తరఫున ఆడే జట్టులో చోటు ఖాయం. వర్గం మారిస్తే ఆ చోటు పోతుంది. అది పోతే పోయిందనుకోవచ్చు. నడుము ఉండీ లేనట్టు నటించిందని తేలితే మాత్రం ఆటలోంచే గెంటేస్తారు. పదేళ్ళ ఆటా దొంగాట కింద జమ అయిపోతుంది.

బావ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. సరుకులు వేసే వ్యాను నడుపుతాడు. ఎక్కడికి వెళ్ళినా ఆ వ్యాన్లోనే కుర్చీ, కుర్చీతోబాటు పిట్ట.

"ఏం మరదలా, ముఖం అలా వేలాడేశావు? ఎర్రకుర్చీ కల్లోకి వచ్చిందా?"

ఎర్రకుర్చీ అంటే ఫైనల్లో అవతలి వైపు ఆడే మనిషి. ఆమె కుర్చీకి ఎర్ర రంగు. పేరు అందరూ మర్చిపోయి రంగే మిగిల్చారు.

పిట్ట గ్లాసు అందుకుంది గాని తాగలేదు. టీ మీద పొర కట్టేదాకా చూస్తూ కూర్చుంది.

"నిన్న బండ్లు ఆపేచోట ఎర్రకుర్చీ కోచ్‌తో ఏం మాట్లాడావు బావా?"

"గాలిపంపు అడిగాను. మనదాని వాషర్ పోయింది."

"పంపు అడగడానికి అంతసేపా?"

"ఇచ్చినవాడితో రెండు మాటలు మాట్లాడొద్దా? గాలైనా ఊరికే రాదు ఈ రోజుల్లో."

"ఆ రెండు మాటల్లో పాప మంచం మీంచి పడబోవడం కూడా ఉందా?"

ఫ్లాస్కు మూత బిగిస్తున్న చెయ్యి ఆగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు బావ చొక్కా జేబు తడుముకున్నాడు. అందులో ఏమీ లేదు.

"వాడికి చెప్పలేదు" అన్నాడు.

"అంటే ఇంకెవరికో చెప్పావు."

"ఎవరికో అని కాదు పిట్టా. లోడు దించేచోట నలుగురుంటారు, నాలుగు కబుర్లు దొర్లుతాయి. మా మరదలు పిల్లని గాల్లో అందుకుంది, షటిల్ని అందుకున్నట్టు అన్నాను. గొప్పగానే చెప్పాను. చెడుగా చెప్పలేదు."

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. మనింట్లో జారడానికి నాకు కాలు లేదు. నోటి సంగతి నువ్వు చూసుకున్నావు."

బావ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. మడతమంచం అంచున కూర్చుని అరచేతులు చూసుకున్నాడు.

"నువ్వెలా అందుకున్నావో నేను చూస్తేగా చెప్పడానికి? ఆ మంచం కోడు వదులైందని మీ అక్క పోరు పెడితే కింద దూరి నట్టు బిగిస్తున్నాను. నేను ఊపబట్టే పిల్ల దొర్లింది. అయ్యో అని బయటికి వచ్చేసరికి అది నీ ఒళ్ళో ఉంది. నువ్వు ఏ చెయ్యి ఎక్కడ పెట్టావో నాకేం తెలుసు? నాకు కనబడింది మంచం అడుగు, బొద్దింక ఒకటి."

పిట్ట ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అబద్ధం ఎక్కడా తగల్లేదు. తగలకపోవడమే ఆమెకి భయమేసింది. బావ కాదు. బావ నోటి వెంట పడ్డ కబురు విన్నవాడెవడూ ఎడం చెయ్యి గురించి రాయలేడు. ఎడం చెయ్యే అసలు గుట్టు అని ఈ ఆట ఎరిగినవాళ్ళకే తెలుసు. వెనక్కి పడే షటిల్ని కొట్టాలంటే ఒళ్ళంతా కుర్చీ వీపు మీదుగా వెనక్కి వాల్చాలి. వాల్చడం ఎవరైనా వాలుస్తారు. తిరిగి లేవడం దగ్గర తెలుస్తుంది. నడుము ఉన్నవాళ్ళు అలాగే లేస్తారు. లేనివాళ్ళు బ్యాటు లేని చేత్తో చక్రాన్ని పట్టుకుని, నూతిలోంచి చేద లాగినట్టు తమని తాము లాక్కోవాలి.

ఆ పూట ఆ చేతిని చూడగలిగిన కళ్ళు గదిలో ఇంకో జతే ఉన్నాయి.

"అక్కని రమ్మను" అంది.

బావ వెళ్ళాడు. పొర కట్టిన టీ అలాగే ఉంది.

అక్క వచ్చేలోపు పిట్ట బెల్టుని ఒళ్ళోకి తీసుకుంది. అక్క బండ్లకి సీటు కవర్లు కుడుతుంది. ఈ బెల్టు కూడా ఆమె కుట్టిందే. లోపల మెత్త, పైన మందపాటి కాన్వాసు, బడిపిల్లల సంచికి ఉండేలాంటి బకిల్, కాకపోతే పెద్దది. మొదట్లో బకిల్ ముందువైపే ఉండేది. బ్యాటు ఊపినప్పుడల్లా మోచెయ్యి గీరుకుపోతోందని అక్కే దాన్ని కుర్చీ వీపు వెనక్కి మార్చింది. ఆనాటినుంచి పిట్ట చెయ్యి దానికి అందదు. అక్క కట్టాలి, అక్క విప్పాలి. కట్టాక గోటితో బకిల్ మీద టిక్కుమని కొట్టడం అక్క అలవాటు. ఆ చప్పుడు విన్నాకనే పిట్ట చక్రాల మీద చెయ్యి వేస్తుంది.

పట్టీ బకిల్లో మడిచే చోట కాన్వాసు మీద గీత పడుతుంది. పాత గీత వెలిసిపోయి ఉంది. దానికి బాగా లోపలగా కొత్త గీత కనబడింది. కొత్తదంటే నిన్నటిది కాదు. అప్పుడే బాగా అణిగి, అరిగి ఉంది. అంటే చాలా వారాలుగా బెల్టు మునుపటికంటే బిగుతుగా కడుతున్నారు. వెనకాల నిలబడి, ఆమెకి కనబడకుండా.

అక్క తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, గోడకి ఆనించిన కుర్చీని చూసి, ఎదురుగా కూర్చుంది.

"ఈ గీత చూడు అక్కా."

"చూశాను."

"ఎప్పుడు?"

"పడ్డప్పుడే. కుట్టేదాన్ని, గుడ్డ మీద గీత పడితే నాకు తెలీదా?"

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదేం?"

"ఊపిరాడకుండా ఎందుకు బిగిస్తున్నావు నన్ను?"

అక్క కళ్ళెత్తి చూసింది. "నువ్వు బిగించమంటేనే. కట్టిన ప్రతిసారీ 'వదులుగా ఉంది, ఊగుతోంది, ఇంకాస్త లాగు' అంటావు. ఊగుతున్నదేంటో ఎప్పుడైనా చూసుకున్నావా? కుర్చీ ఊగడం లేదు. మొదట్లో నిన్ను మూట కట్టినట్టు కట్టేదాన్ని. మూట కదలదు. ఇప్పుడు కడుతుంటే లోపల్నించి నెడుతున్నావు. మూట వేస్తుంటే పొట్ట ఉబ్బించే గాడిద లాగా."

"గాడిదనా?"

"గాడిద తెలిసే చేస్తుంది. నీకు తెలుసో తెలీదో అదే నాకు అర్థం కావడం లేదు."

హాల్లోంచి నేల మీద చక్రాలు తిరిగే కీచు వినిపిస్తోంది. ఎర్రకుర్చీ ఒళ్ళు వేడి చేసుకుంటోంది కాబోలు.

"ఫిర్యాదు నువ్వు చేశావా?" అంది పిట్ట.

"నేనే చేశానని ఎందుకనుకున్నావు?"

"బావ మంచం కింద ఉన్నాడు. నా ఎడం చెయ్యి చూసింది నువ్వొక్కదానివే."

"పాపకి రాయడం రాదు కాబట్టి నేనేనన్నమాట."

"వేళాకోళం వద్దు. పాప మీద ఒట్టు పెట్టు."

"పెట్టను."

పిట్ట చెంప మీద కొట్టినట్టు అయింది. అక్క గొంతు మాత్రం పెరగలేదు. అక్కకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

"పదేళ్ళు నీ వీపు వెనకాల నిలబడ్డాను. నిద్రలో కూడా నా వేళ్ళు బకిల్ వెతుక్కుంటాయని మీ బావ నవ్వుతాడు. ఒట్టు అడిగేదాకా వచ్చినదానివి, ఒట్టు పెడితే మాత్రం నమ్ముతావా? రేపు దానికి ఇంకో పెద్ద ఒట్టు అడుగుతావు."

"మాట దాటేస్తున్నావు."

"దాటేస్తున్నది నువ్వు. ఆస్పత్రికి వెళ్దాం, నడుము చూపించుకుందాం అని ఎన్నిసార్లు అన్నాను? ఈ టోర్నమెంటు అయ్యాక అన్నావు. అయ్యాక ఇంకోటి వచ్చింది. ఏ ఇంట్లోనైనా పడిపోయిన మనిషి నడుము నిలబడితే ఊరంతా పిలిచి చెప్పుకుంటారు. మనింట్లో తలుపులేసుకుని గుసగుసలాడుకుంటున్నాం. ఏడవాలో నవ్వాలో తెలీని ఇల్లు చేశావు మాది."

"నా నడుము నిలబడలేదు!"

"చూద్దామా?"

అక్క లేచింది. మూలనున్న గొట్టంలోంచి ఈకలు చెదిరిన షటిల్ ఒకటి తీసింది. పిట్ట ఒళ్ళోంచి బెల్టు లాగి మంచం మీద పడేసింది. కుర్చీని గోడ దగ్గర్నించి గది మధ్యకి ఈడ్చింది. పిట్ట వద్దనలేదు. వద్దంటే ఒప్పుకున్నట్టే అవుతుందని నోరు రాలేదు.

"బ్యాటు పట్టుకో. నీ చేతిలో ఆ తువ్వాలు అక్కడ పెట్టు..." అంటూ బ్యాటు ఆమె కుడిచేతిలో పెట్టి, మాట పూర్తి కాకముందే అక్క షటిల్ని ఆమె తల మీదుగా వెనక్కి విసిరింది.

చూడ్డం, వాలడం, కొట్టడం ఒక్కసారే అయిపోయాయి. షటిల్ వెళ్ళి వాలీబాల్ స్తంభానికి తగిలింది. పిట్ట నిటారుగా కూర్చుని ఉంది.

"ఎడం చెయ్యి ఎక్కడుంది?" అంది అక్క.

పిట్ట కిందికి చూసుకుంది. ఎడం చేతిలో తువ్వాలు ఉంది. పెట్టెయ్యమన్న తువ్వాలు ఇంకా పెట్టనే లేదు. చక్రం దాని మానాన అది ఉంది.

ఇద్దరూ చాలాసేపు ఆ తువ్వాలునే చూశారు.

"ఇంకోసారి" అంది పిట్ట. గొంతు ఆమెది కాదు.

ఈసారి తువ్వాలు మంచం మీదికి విసిరేసింది. అక్క చెప్పి మరీ విసిరింది. పిట్ట వాలింది, కొట్టింది. నడుము ఇసుక బస్తాలా అక్కడే ఉండిపోయింది. ఎడం చెయ్యి వెళ్ళి చక్రాన్ని పట్టుకుంది. రొప్పుతూ, పంటి బిగువున లాక్కుంటూ లేచింది.

"చూశావా?" అంది, గెలిచినదానిలా.

అక్క దగ్గరగా వచ్చి ముఖంలోకి చూసింది. పాలు విరిగాయో లేదో చూసే చూపు అది. "ఇప్పుడు కావాలని పట్టుకున్నావా?"

పిట్ట నోరు తెరిచింది. లేదు అనాలి. లేదు అన్న మాట నాలిక దాకా వచ్చి అక్కడే నిలబడింది. కావాలని పట్టుకుందా? చెయ్యి దానంతట అది వెళ్ళిందా? పదేళ్ళు రోజూ అదే పని చేసిన చెయ్యి. దానికి నేర్పింది తను. ఇప్పుడు అది ఎవరి మాట వింటోందో తనకే తెలియడం లేదు. రాత్రంతా ఇంటిదొంగ కోసం వెతికింది. దొంగ తన చర్మం లోపలే కూర్చుని ఉంటే ఎవరికి చెప్పుకోవాలి?

"ఏమో అక్కా" అంది చివరికి. "నాకు తెలీదు. నిజంగానే తెలీదు."

అక్క ముఖంలో ఏదో మెత్తబడింది. మెత్తబడిందో, ఏదో నిర్ణయం జరిగిపోయిందో. ఈ మధ్య పిట్ట ఏ ముఖాన్నీ సరిగ్గా చదవలేకపోతోంది.

బావ తలుపు సందులోంచి తల పెట్టాడు. "పిలుస్తున్నారు. ఇద్దరూ జుట్లు పట్టుకోవడం అయిపోతే బయల్దేరదాం."

పిట్ట మంచం మీది బెల్టు తీసి అక్క చేతికిచ్చింది. "నువ్వే కట్టు. ఎంత బిగించాలో నీ ఇష్టం."

అక్క వెనక్కి వెళ్ళింది. పట్టీ పొట్ట మీదికి వచ్చింది, అంతగా బిగియకుండానే ఆగింది. వెనకాల అక్క ఊపిరి వినిపిస్తోంది. తర్వాత చక్రాల పక్కనించి అడుగులు ముందుకి వచ్చాయి.

టిక్కుమన్న చప్పుడు రాలేదు.

పిట్టకి తెలిసింది. అడగొచ్చు. నీ ఇష్టం అని ఇప్పుడే అన్న నోటితో అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. చక్రాలు తోసుకుంటూ హాల్లోకి వెళ్ళింది.

షటిల్ కొట్టుకుపోతుందని ఫ్యాన్లు కట్టేశారు. హాలంతా ఉక్కపోత. డాక్టరమ్మ కోర్టు మూల ప్లాస్టిక్ కుర్చీలో, ఎడం చెయ్యి కనబడే వైపే కూర్చుంది. నవ్వింది కూడా. ఆ నవ్వు ఎందుకో పిట్టకి నచ్చలేదు. అక్కా బావా అవతలి గోడవార బల్ల మీద కూర్చున్నారు.

ఆట మొదలైంది. మొదటి నాలుగు షటిళ్ళకే పిట్టకి తేడా తెలిసింది. ఎర్రకుర్చీ ఎప్పుడూ నెట్ అంచున అడ్డంగా, బలంగా కొట్టే మనిషి. ఇవాళ కొట్టడం లేదు. ఎత్తుతోంది. ప్రతి షటిల్నీ పైకి, లోపలికి, వెనక గీత మీదికి. వాలక తప్పని చోటికి. ఎవరు చెప్పారు ఈమెకి? డాక్టరమ్మ కళ్ళు షటిల్ వెంట పోవడం లేదు. షటిల్ ఎక్కడున్నా ఆ కళ్ళు ఒక్క చోటే ఉన్నాయి.

పిట్ట తన చేతిని చూసుకుంటూ ఆడింది. వాలినప్పుడల్లా చక్రం పట్టుకుంది. పట్టుకోవాలా అని ఆలోచించి పట్టుకుంది, అందుకే ఆలస్యమైంది. పాయింట్లు పోతున్నాయి. పట్టుకుంటే నటన. పట్టుకోకపోతే ఒప్పుకోలు. మధ్యలో ఆట ఎక్కడుంది? బేళ్ళ కింద నలిగి, ఆస్పత్రి గోడకేసి బంతి కొట్టుకుంటూ మొదలుపెట్టిన ఆట. కాళ్ళు పోయాక కూడా ఎగిరినట్టు అనిపించిన ఒకే ఒక్క చోటు. తనకి పిట్ట అన్న పేరు వచ్చింది కూడా అందుకే.

చాలు అనుకుంది. చేతి మీదినించి చూపు తీసేసింది.

ఎర్రకుర్చీ మళ్ళీ ఎత్తింది. చాలా పైకి. పిట్ట చక్రాలు వెనక్కి లాగింది, తల వెనక్కి వేసింది, ఒళ్ళంతా కుర్చీ వీపు మీద విల్లులా వంచింది. కప్పు దీపాల మధ్య తెల్లటి ఈకలు దిగుతున్నాయి.

వెనకాల టక్కుమంది.

పొట్ట మీది పట్టు వదిలిపోయింది. ఒక్క క్షణం కింద ఏమీ లేదు, బెల్టు లేదు, కుర్చీ లేదు. పడిపోతాను అనుకుంటూనే కొట్టింది. కొట్టి, లేచింది. షటిల్ ఎర్రకుర్చీ చక్రం పక్కనే వాలింది.

హాలంతా చప్పట్లు. బావ బల్ల మీదికి ఎక్కి అరుస్తున్నాడు.

పిట్ట ఒళ్ళోకి చూసుకుంది. ఎడం చెయ్యి అక్కడే ఉంది, అరచెయ్యి పైకి తెరుచుకుని, పడుకున్న పిల్లలా. దాని పక్కన ముందుకి జారి వచ్చిన బెల్టు కొస, దానికి బకిల్. ఎన్నేళ్ళయిందో ఆట మధ్యలో దాన్ని కళ్ళతో చూసి. అది విరగలేదు, తెగలేదు. కొక్కాలు రెండూ కొత్తవాటిలా ఉన్నాయి. అసలు పూర్తిగా లోపలికి దిగకుండానే వదిలేసినట్టు ఉన్నాయి. ఇవాళ టిక్కుమన్న చప్పుడు రాలేదు కూడా.

తలెత్తి బల్ల వైపు చూసింది. అక్క చప్పట్లు కొట్టడం లేదు. అక్క పిట్టని కూడా చూడటం లేదు. కోర్టు మూల ప్లాస్టిక్ కుర్చీ వైపు చూస్తోంది.

అక్కడ డాక్టరమ్మ కలం మూత పెట్టి, అక్క కళ్ళలోకి చూస్తూ, అనుకున్నది అయిందన్నట్టు మెల్లిగా తల ఊపింది.